జంపఖానా మీద బ్రహ్మపుత్ర

కాశిబుగ్గలో మా ఇంటి ముందుగదంతా మగ్గమే. బాపు జంపఖానాలు నేస్తాడు. వాటి డిజైన్లు గ్రాఫ్ కాగితం మీద గీసిచ్చేది నేను. లెక్క తప్పకుండా పది గడులకోసారి ఒక నల్ల చుక్క పెడతాను. ఆ చుక్కలు ఆయన కంటి కోసమే. వాటిని నేయడు.

మొన్న వేసవిలో మిగిలిన నూలుతో ఇంట్లోకి ఒక చిన్నది నేస్తానన్నాడు. పూలూ నెమళ్లూ వద్దని, అట్లాసు చూసి బ్రహ్మపుత్రను గీసిచ్చాను. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ నది ఒడ్డున ఒక ఊళ్లో నాకు భూగోళశాస్త్రం ఎమ్మే సీటు వచ్చింది. చేరతానో లేదో చెప్పడానికి పది రోజుల గడువు. ఆ సంగతి నా డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. నది మీద ఆ ఊరున్న చోట ఒకే ఒక్క ఎర్ర గడి పెట్టాను.

ఎనిమిదో రోజు పొద్దున జంపఖానా మగ్గం దిగింది. నేల మీద పరిచి చూశాను. మంచుకొండల నుంచి సముద్రం దాకా నీలం చార ఉంది. సరిహద్దులు లేవు.

"బాపూ, దేశాల గీతలు పోయినయి."

"ఏ గీతలు? అవి లెక్క సుక్కలు గావా?"

అట్లాసులో ఉన్నట్టే సరిహద్దులను నల్ల చుక్కలతో గీసింది నేనే. అయినా బాపు ముఖం చిన్నబోయింది. అది చూడలేక, ఎప్పుడూ లేనిది, గబగబా మాట్లాడాను. నది టిబెట్‌లో పుట్టి తూర్పుకు చాలా దూరం పోతుందనీ, అక్కడ దాని పేరు సాంగ్‌పో అనీ, కొండను చుట్టి మలుపు తిరిగి మన దేశంలోకి దిగుతుందనీ, అస్సాంలో పడమటికి పారి బంగ్లాదేశ్‌లో జమున అవుతుందనీ వేలితో చూపించాను. వానాకాలం అవతలి ఒడ్డు కనబడదట అన్నాను. ఆ 'అట' దగ్గర నా వేలు ఆగింది. నేను చూసిన పెద్ద నీళ్లంటే ములుగు దారిలోని లక్నవరం చెరువే.

బాపు ఎర్ర గడి మీద వేలు పెట్టాడు.

"గిదొక్కటి ఎందుకో సమజ్ గాలె. అయినా ఏసిన. నువ్వు ఊకె పెట్టవు గద బిడ్డా."

"అక్కడ నాకు సీటొచ్చింది బాపూ. ఎల్లుండి లోపల చెప్పాలె."

బాపు మన ఊరెక్కడని అడిగాడు. మన ఊరు జంపఖానాలో పట్టలేదు. ఎడమవైపు కింది అంచు దాటి, నేల బండల మీద, ఆయన మోకాలి దగ్గర చూపించాను. బాపు అక్కడ బొటనవేలు ఆనించి, ఎర్ర గడి దాకా జానలు పెట్టుకుంటూ పోయాడు.

మూడు జానలు.

మళ్లీ మోకాలి దగ్గర నుంచి కొలవడం మొదలుపెట్టాడు.