పనిచేయని బటన్

ఆ అమ్మాయి పేరు నేను అడగలేదు. నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కి నా పక్కన కూర్చుంది. చూపు లేదు. మడిచిన తెల్లకర్ర ఒళ్లో పెట్టుకుని ఏదో కంపెనీలో ఉద్యోగానికి ఫోన్‌లో దరఖాస్తు నింపుతోంది. వేలు పెట్టినచోటల్లా ఫోన్ పైకి చదువుతోంది.

"ఐ అగ్రీ, బటన్, డిజేబుల్డ్," అంది ఫోన్.

వెనక సీటు పెద్దావిడ నొచ్చుకుంది. "ఫోను కూడా అంత మాటంటదా తల్లీ."

"నన్ను కాదు పిన్నమ్మా, బటన్‌ని," అని నవ్విందా అమ్మాయి.

నేను తెర వంక చూశాను. దరఖాస్తుకి ఒప్పుకోవాల్సిన షరతులన్నీ ఒక చిన్న పెట్టెలో ఉన్నాయి. వాటిని చివరిదాకా జరిపితేగానీ బటన్ పనిచేయదు. ఆమె ఫోనేమో ఆ పెట్టెలోకి వెళ్లకుండా దాటేసి, ప్రతిసారీ బటన్ మీదికే దూకుతోంది.

"ఇయ్యాలే ఆఖరు రోజక్కా," అంది.

"నేను జరిపి నొక్కనా?" అని వేలు చాచాను.

"ఆగక్కా," అని ఆ కంపెనీకే ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "మీ షరతులు నా ఫోన్ చదవట్లా. సరిచెయ్యండి, లేకపోతే మామూలు పేజీలో పెట్టి పంపండి."

బతిమాలినట్టూ లేదు, పోట్లాడినట్టూ లేదు. కొట్లో తూకం సరిగా వెయ్యమన్నట్టు అడిగింది.

"పక్కన చూపున్నవాళ్లు ఎవరూ లేరా మేడమ్? వాళ్లతో నొక్కించండి," అంది అవతలి గొంతు.

"బస్సు నిండా ఉన్నారండీ. ఒప్పుకోవాల్సింది నేను గదా. ఏంది ఒప్పుకుంటన్నానో నాకు వినపడాల."

అప్పటిదాకా చాచే ఉన్న నా వేలిని మెల్లగా వెనక్కి తీసుకున్నాను.