బ్యాండ్‌సా కొనడానికి రాడ్డు పట్టుకుని వెళ్ళిన రోజు

రేపల్లెలో మాది గేట్లు, గ్రిల్స్ చేసే చిన్న వెల్డింగ్ షాపు. పని మా ఆయనది, బేరాలూ బిల్లులూ నావి. ఇన్నాళ్ళూ ఇనుము కోయడానికి చక్రం తిరిగే కటాఫ్ మిషనే వాడాం. దాని మోతకు పక్కింటి పిన్నిగారు ఆదివారం చర్చిలో నన్ను చూసినా చెవులు మూసుకునేవారు. అందుకని, పళ్ళున్న బ్లేడు పట్టీలా తిరుగుతూ పెద్దగా చప్పుడు లేకుండా కోసే బ్యాండ్‌సా కొందామనుకున్నాం. డెబ్బై వేలు దాటకూడదన్నది మా లెక్క. ఆ రోజు మా ఆయనకు వేమూరులో గేటు బిగించే పని ఉండటంతో నేనే బయల్దేరాను. మాలాంటి చిన్న షాపుల వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను గానీ, రాస్తుంటే సిగ్గుతో తల ఎత్తబుద్ధి కావడం లేదు.

మిషన్ కొనేవాళ్ళు తాము రోజూ కోసే సరుకునే తీసుకెళ్ళి కోయించి చూడాలి. అమ్మేవాళ్ళు చూపించే మెత్తటి ఇనుమును ఏ మిషనైనా కోస్తుంది. మా షాపు మూల ఇంచిన్నర లావున్న స్టెయిన్‌లెస్ రాడ్డు ఒకటి కనిపించింది, రెండున్నర అడుగుల పొడవు ఉంటుంది. మా షాపులో ఏది సరుకో ఏది తుక్కో దేవుడికే తెలియాలి. దాని మీద మా ఆయనతో నాకు రోజూ గొడవే. ఒక తుక్కు ముక్కయినా తగ్గుతుందిలే అనుకుని దాన్ని గోనెసంచిలో చుట్టేశాను. ఎవరినీ అడగలేదు.

పొద్దున్నే పాసింజరు ఎక్కితే గంట, గంటంబావులో తెనాలి, టికెట్టు పది రూపాయలు. అక్కడ ఒకాయన దగ్గర పాత మిషన్ యాభై వేలకు ఉందని తెలిసి వెళ్ళాను. రాడ్డు చివర పల్చగా ఒక బిళ్ళ కోయించి, మూలమట్టం పెట్టి చూస్తే సందులోంచి వెలుతురు కనిపించింది. అంటే ఏటవాలుగా కోసిందన్నమాట.

"బ్లేడు మారిస్తే సరిపోద్దమ్మా," అన్నాడాయన.

"అయితే మార్చి కోసి చూపించండి."

"కొన్నాక మీరే మార్చుకుంటారుగా."

దణ్ణం పెట్టి వచ్చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

తెనాలి నుంచి బాపట్లకు పొన్నూరు మీదుగా బస్సు, గంటన్నర దాకా పడుతుంది. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్టు లేదు. బస్సు కిటకిటలాడుతోంది. సంచిలోంచి పొడుచుకొచ్చిన రాడ్డు ఒక పెద్దావిడ పిక్కకు తగిలి ఆమె నన్ను చెడామడా తిట్టింది. కండక్టరు వచ్చి, "నీకైతే ఫ్రీయే గానీ అక్కా, దానికి ఆధార్ ఉందా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. దీన్ని ఎలాగైనా పొట్టి చేసి గానీ ఇంటికి మోయకూడదని అప్పుడే అనుకున్నాను.

బాపట్ల షాపులో ఉన్నది కొత్త మిషన్, డెబ్బై రెండు వేలు. మామూలు ఇంటి కరెంటుతో నడుస్తుంది. స్టెయిన్‌లెస్‌కు తగ్గట్టు వేగం తగ్గించుకోవచ్చు. బ్లేడు పాడైతే కొత్తది గుంటూరులో దొరుకుతుంది. షాపాయన రాడ్డును వైస్‌లో బిగిస్తూ, "ఎక్కడ కొయ్యమంటారమ్మా?" అన్నాడు.

"నడిమధ్యకి కొయ్యండి. రెండూ సంచిలో పడతాయి."

మిషన్ తన బరువుకే మెల్లగా దిగుతూ కోసింది, కోయడం అయ్యాక దానంతటదే ఆగింది. కోసిన ముఖం అద్దంలా ఉంది. ఫోటో తీసి మా ఆయనకు పంపించాను. వెంటనే ఫోను మోగింది.

"ఆ రాడ్డు ఎక్కడిది?"

"మన షాపులోదేనండి. మూల పడుంటే తెచ్చాను."

"అది నాంచారయ్య బాబాయిది. చుక్కాని రాడ్డు విరిగితే విశాఖపట్నం నుంచి తెప్పించుకున్నాడు. ఇవాళ సాయంత్రం అతికిస్తే తెల్లారి బోటు వేటకి పోవాలి."

"రెండు ముక్కలూ కలిపి వెల్డింగ్ చేస్తే?"

"గేటైతే చేస్తాను. నడిసముద్రంలో చుక్కాని ఊడితే మనుషులు పోతారు."

నాంచారయ్య బాబాయికి నిజాంపట్నంలో చిన్న బోటు ఉంది. షాపు పెట్టినప్పటి నుంచీ మమ్మల్ని నమ్మి వస్తున్న మనిషి. చుక్కాని విరిగి వారం పైనుంచి ఒడ్డునే ఉన్నాడు. తను వెళ్ళి చెప్తానని మా ఆయన అన్నారు. వద్దన్నాను. చెరుకుపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. రెండు వందలు అడిగితే బేరమాడకుండా ఎక్కాను. దారి పొడవునా ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాను.

హార్బరులో ఆయన దగ్గరుండి చూస్తుంటే కుర్రాళ్ళు బోటులోకి ఐసు ఎక్కిస్తున్నారు. నేను కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. సంచి విప్పి చూపించాను. ఆయన రెండు ముక్కలూ తీసుకుని కోసిన చోట ఆనించి చూశాడు. గీత కూడా సరిగ్గా కనిపించడం లేదు.

"ఏ మిషన్ మీద కోశావమ్మాయ్? బాగా కోసింది."

"బాపట్లలో బాబాయ్. తుక్కనుకున్నాను. తప్పు నాదే, మా ఆయనకి తెలీదు. కొత్త రాడ్డు మేం తెప్పిస్తాం."

"తెప్పించండి. రేపటికైతే రాదుగా." బోటు వైపు తిరిగి, "ఐసు పక్క బోటుకి ఇచ్చెయ్యండ్రా. రేపు పోవట్లేదు," అన్నాడు. ఎక్కించిన ఐసును వాళ్ళు మళ్ళీ దించుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆయన నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

బాపట్ల మిషనే కొన్నాం, డెబ్బైకి ఇచ్చారు. పిన్నిగారు ఇప్పుడు చెవులు మూసుకోవడం లేదు. మేం తెప్పించిన కొత్త రాడ్డు రాగానే బాబాయికి కబురు పెడితే ఆయనే వచ్చాడు. ఇంతకు ముందైతే సరుకు మా షాపులో పడేసి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయేవాడు. ఆ రోజు వెళ్ళలేదు. మా ఆయన చుక్కాని సిద్ధం చేసేదాకా రాడ్డు మీద చెయ్యి వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. టీ ఇస్తే నవ్వుతూనే తీసుకున్నాడు, రెండో చేత్తో. ఆ నవ్వుకి నాకు మరింత సిగ్గేసింది.

మీరు మిషన్ కొనేముందు తప్పకుండా మీ సరుకు తీసుకెళ్ళి కోయించి చూడండి. అది మీ సరుకో కాదో ముందు ఇంట్లో అడగండి.