జయప్రకాష్ ఆటలో ఎవరూ చావరు

గూడ్సు బండి గార్డు జయప్రకాష్‌ని కొత్త హోదా ప్రకారం ట్రైన్ మేనేజరని పిలిస్తే పలకడు. బండి చివరి పెట్టెలో గంటల తరబడి ఒంటరిగా కూర్చునేవాడికి మేనేజ్ చెయ్యడానికి ఈగలు తప్ప ఎవరున్నారని అడుగుతాడు. ఆ ఒంటరితనంలోనే కథలు అల్లేవాడు. డ్యూటీ లేని ఆదివారం బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తన క్వార్టర్ వరండాలో మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ కథల్లోకి తోసేవాడు. ఇద్దరమంటే కరెంటు ఆఫీసులో పనిచేసే మాధవీలత, బళ్ళో లెక్కలు చెప్పే నేను, అంటే శారద. ముగ్గురి తాతలూ రైలు పనికోసమే ఈ ఊరు వచ్చారు.

ఆట ఒక విదేశీ పుస్తకంలోది. ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా మారతాం. నాది మంత్రగత్తె. మాధవిది బంగారి అనే కత్తివీరురాలు. ఏం చేయదలిచామో నోటితో చెప్పాలి, అది ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. మా దెబ్బలకు పాచిక మేమే వేసుకుంటాం. రాక్షసుల దెబ్బలకు జయప్రకాష్ అట్టముక్క చాటున వేస్తాడు. అంకె ఎంత పెద్దదైతే దెబ్బ తగిలే అవకాశం అంత ఎక్కువ. ఆట విదేశీదే గాని, అందులో అడవి మాత్రం కర్గీ రోడ్ స్టేషన్ దాటాక రైలు కిటికీలోంచి కనిపించేదే.

ఏళ్ళ తరబడి ఆడాం. మా పాత్రల్లో ఒక్కటీ చావలేదు. అది మా తెలివేనని మాధవి నమ్మకం. నాకు అసలు సంగతి తెలుసు. ఒకరోజు మంచినీళ్ళకని అతని వెనక నుంచి వెళ్తుంటే పాచిక మీద పంతొమ్మిది కనిపించింది. జయప్రకాష్ మాత్రం ఆరు పడిందని, దెబ్బ తప్పిందని కళ్ళు ఆర్పకుండా చెప్పాడు. మేం వెళ్ళిన ప్రతి ఆదివారం వాళ్ళావిడ కనకం పకోడీలు వేసి పెడుతుంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం దేనికని ఊరుకున్నాను.

ఊరుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒకసారి అడవిలో వంతెన మీద బ్రహ్మరాక్షసుడు ఎదురైతే నేను పారిపోయాను. బంగారి ఒక్కతే నిలబడి గెలిచింది. అప్పట్లోనే మాధవి తన పై అధికారి చేతివాటం గురించి ఫిర్యాదు పెట్టింది. వెనక్కి తీసుకోమని ఆఫీసంతా బెదిరిస్తున్నారు. వంతెన మీద నిలబడ్డదాన్ని, వీడికి భయపడతానా అని నాతో అంది. మర్నాడు వెళ్ళి విచారణలో అందరి ముందూ నిజం చెప్పింది. ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ వంతెన గెలుపు వెనక ఏ అంకె దాగుందో తెలిస్తే మనిషి ఏమైపోతుందోనని నా భయం.

ఇంతలో అవే నిబంధనలతో కంప్యూటర్ ఆట వచ్చింది. మాధవి ఎగిరి గంతేసి కొనేసింది. పాచికలన్నీ కంప్యూటరే వేస్తుంది కాబట్టి జయప్రకాష్ కూడా మాతోపాటు ఆడవచ్చని సంబరపడింది. అతను నసిగాడు, తప్పించుకోలేకపోయాడు. గాయాలు మాన్పే పూజారి పాత్ర తీసుకున్నాడు. ఇంకేం తీసుకుంటాడు! ఓడిపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడే వీలు ఆ ఆటలో ఉంది. మాధవి దాన్ని తీసేయించింది. వరండాలో ఎప్పుడైనా వెనక్కి వెళ్ళామా అంది. ఇక్కడ చచ్చినవాళ్ళు చచ్చినట్టే.

మొదటి గుహలోనే అందరం చచ్చాం. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ చచ్చాం. అవే పాత్రలు, అవే ఎత్తులు, ఎందుకిలా అవుతోందని మాధవి తల పట్టుకుంది. చివరికి తప్పు కంప్యూటర్‌దని తేల్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్నారని నేను వెక్కిరించాను గాని, నవ్వు నాకే రాలేదు. ఇది దొంగ పాచికలు వేస్తోందని ఆమె అన్నప్పుడల్లా జయప్రకాష్, గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నెహ్రూ నగర్‌లో మాధవి ఇంట్లో మూడోసారి ఆడుతున్నాం. అన్నిసార్లలోకీ దూరం వెళ్ళింది ఈసారే. కోట గుమ్మం దగ్గర గదాధారి రాక్షసుడు అడ్డుపడ్డాడు. నా మంత్రగత్తె మొదటి దెబ్బకే స్పృహ తప్పింది. పూజారి మోకాళ్ళ మీదున్నాడు. బంగారికి ఇంకొక్క దెబ్బ తట్టుకునే ఓపిక లేదు. వంతు ఆమెదే. తలుపులోంచి పారిపోతే ఆమె ఒక్కతే బతుకుతుంది. నిలబడితే ఆమె బతుకు రాక్షసుడి పాచిక మీదే.

మాధవి మౌస్ వదిలేసింది. ఇక చాలంది. ఈ డబ్బాని తీసిపారేసి వచ్చే వారం నుంచి మళ్ళీ వరండాలోనే ఆడదామంది.

"నీ దగ్గరైతే పాచిక అబద్ధమాడదు కదన్నయ్యా," అంది.

నేను జయప్రకాష్ వైపు చూశాను. అతను కోరుకునేది అదే. వారమంతా రెండు పట్టాలూ చూసుకుంటూ గడిపే మనిషికి, తనకోసం ఎదురుచూసే ఆ వరండా ఒక్కటే ఉంది. ఊరికే తలూపితే చాలు. నేను ఎలాగూ నోరు విప్పను. అతని మొహం ఒక్క క్షణం వెలిగింది. తర్వాత ఆ వెలుగు పోయింది.

"కంప్యూటర్ అబద్ధమాడ్లేదమ్మా," అన్నాడు. "నేనే ఆడేను. ఇన్నేళ్ళూ."

మాధవికి ముందు అర్థం కాలేదు. అతను తలెత్తకుండా చెప్పుకుపోయాడు. మాకు ముందు అతనికి ఇంకో జట్టు ఉండేదట. అందులో ఒకడి పాత్ర చచ్చిపోతే వాడు అలిగి రావడం మానేశాడట, వాడి వెనకాలే మిగతావాళ్ళూ. ఎన్ని పెట్టెలతో బయలుదేరిన బండిని అన్ని పెట్టెలతోనూ చేర్చాలి, ఒక్కటి తెగినా బండి నిలిచిపోతుంది, గార్డుకి తెలిసింది అంతేనన్నాడు. నాకు అతని మీద జాలేసింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళు దాచినవాడు ఇంకో రోజు దాచలేకపోయాడా అనిపించింది.

మాధవి తెర వైపు చూసింది. గదాధారి రాక్షసుడు రొప్పుతూ ఎదురుచూస్తున్నాడు.

"వంతెన మీద?" అంది.

జయప్రకాష్ చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది.

"వంతెన మీద రాక్షసుడికి ఎంత పడింది? సచ్ బోలో అన్నయ్యా, నిజం చెప్పు."

"ఇరవై."

అంతకు మించిన అంకె ఆ పాచిక మీద లేదు.  ఆమె లేచి మా ఇద్దరినీ బయటకు పొమ్మంటుందనుకున్నాను. పొమ్మన్నా తప్పులేదు. ఆమె వేళ్ళు బల్ల అంచుని పట్టుకుని తెల్లబడ్డాయి.

"అచ్ఛా. అయితే బంగారి ఆరోజే పోయిందన్నమాట," అంది మెల్లగా. "మరి విచారణకి ఎవరెళ్ళేరు?" అంది.

జయప్రకాష్ తలెత్తాడు.

"నువ్వే వెళ్ళేవమ్మా."

"నేనే వెళ్ళేను. అక్కడ నా కోసం అంకెలు మార్చినోళ్ళు ఎవరూ లేరు."

మళ్ళీ మౌస్ అందుకుంది. ఆగమని, తలుపులోంచి వెళ్ళిపొమ్మని, ఇంతదూరం వచ్చాక అనవసరంగా చావొద్దని జయప్రకాష్ బతిమాలాడు. గొంతులో నిజమైన భయం ఉంది, రైలు కింద ఎవరో పడబోతున్నట్టు. ఆమె వినలేదు. బంగారిని పూజారికి అడ్డంగా నిలబెట్టి, కత్తితో వేటు వేయించింది. తగిలింది గాని రాక్షసుడు కూలలేదు. ఇప్పుడు వాడి వంతు. తెర మీద పాచిక దొర్లింది. జయప్రకాష్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"చూడన్నయ్యా," అంది మాధవి. "నువ్వూ చూడాలి."

అతను చూశాడు. పద్దెనిమిది పడింది. గద దిగింది. బంగారి పేరు తెర మీద బూడిదరంగైంది.

 మాధవి కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. జయప్రకాష్ అయితే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. బండి మనిషి ఇంత ఏడుపు ఎక్కడ దాచుకున్నాడో తెలియదు. ఇక మేం ముగ్గురం కలిసి కూర్చోవడం ఇదే ఆఖరనుకున్నాను.

మాధవి మౌస్‌ని బల్ల మీద అతని వైపు జరిపింది.

"ఏడుపు తర్వాత. శారద ఇంకా కింద పడుంది, లేపాలి. నీ వంతే."

"నువ్వు లేకుండానా?"

"నేనెక్కడికెళ్ళేను? పక్కనే ఉన్నాను, చూస్తాను. ఆడు."

జయప్రకాష్ మౌస్ మీద చెయ్యి వేశాడు.  రాక్షసుడు మళ్ళీ గద ఎత్తి నిలుచున్నాడు. పారిపోయే తలుపు అతనికీ తెరిచే ఉంది. అతను అటు చూడలేదు.