లలిత రాయమన్న మాట

ముప్పై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాట అబద్ధం. ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

తొంభైల మొదట్లో, కంప్యూటరంటే ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఉండే అభిప్రాయాల్లో తేడా ఏమిటన్నది నా పరిశోధన. మధురానగర్‌లో అద్దెగదిలో ఉంటూ, ఫిల్మ్‌నగర్ దగ్గర ఒక బడికి ప్రశ్నపత్రాలు పట్టుకెళ్లేదాన్ని. 'కంప్యూటర్ ముట్టుకోవాలంటే నాకు భయం' అన్న వాక్యం పక్కన తొమ్మిదో తరగతి ఆడపిల్లలంతా 'అవును' అని, మగపిల్లలు 'కాదు' అని టిక్కు పెట్టారు. నాకు సంబరమైంది. తేడా దొరికింది కదా.

కాగితాలు సర్దుకుంటుంటే లలిత వచ్చింది. షేక్‌పేట పిల్ల, తండ్రి సినిమా సెట్లకు చెక్కపని చేసేవాడు.

"మేడం, భయం కంప్యూటరంటే గాదు, సారంటే. ఆడపిల్లలు ముట్టుకుంటే ఖరాబైతదని తిడతడు. మేం ఎనక నిలబడి చూసుడే. జర గిది గూడ రాయుండ్రి."

రాస్తానన్నాను.

రాయలేదు. రాస్తే నా ప్రశ్నే తప్పని తేలేది. మళ్లీ ప్రశ్నలు తయారుచేసి మళ్లీ బళ్ల చుట్టూ తిరిగేసరికి ఇంకో ఏడాది, ఈలోగా చేతికందే లెక్చరర్ ఉద్యోగం పోతుంది. ఇవి కారణాలా, సాకులా? నేనూ ఆడదాన్నే, చదువు కోసం ఇంట్లో పోట్లాడి వచ్చినదాన్నే, ఆ పిల్ల బాధ నాకు తెలియక కాదు. తెలిసే, 'బాలికలలో సహజంగానే భయం ఎక్కువ' అని నా చేత్తో రాశాను. ఆ 'సహజంగానే' ఎక్కణ్ణుంచి తెచ్చాను?

నా పరిశోధన గ్రంథం ప్రతి ఒకటి బడికి ఇచ్చాను. హెడ్మాస్టరు చదివి మెచ్చుకున్నారు. మరుసటి ఏడు ఆడపిల్లల కంప్యూటర్ పీరియడ్ తీసేసి కుట్టుపని పెట్టారు.

ఆ సంగతి నాకు చెప్పింది లలితే, షేక్‌పేట బస్టాపులో. చేతిలో సగం కుట్టిన జాకెట్టు. నిష్ఠూరంగా ఏమీ అనలేదు.

"మేడం, నేను చెప్పింది రాసిండ్రా?"

"రాశానమ్మా."

"అయితే ఫికర్ లేదు. పెద్దసారు ఇంక సదవలేదేమో. సదివినంక మల్ల పెడ్తరు" అని నవ్వింది.

బస్సెక్కి కూర్చుని ఏడ్చాను. దిగి నిజం చెప్పొచ్చు కదా? దిగలేదు. ఉద్యోగం వచ్చింది, ఎందరికో పాఠాలు చెప్పాను, రిటైరయ్యాను. ఆ పిల్ల ఎన్నాళ్లు ఎదురుచూసిందో నాకు తెలియదు. వెతకలేదు. వెతికితే ఎక్కడ దొరుకుతుందోనని భయం.

క్షమించమని అడగను. లలితా, నీ మాట అప్పుడు రాయలేదు. ఇవాళ రాశాను, నువ్వు చెప్పింది చెప్పినట్టే.