ఎడమ వెనక చక్రం

కృష్ణానగర్‌లో నాకు మెకానిక్ షెడ్డు ఉన్న రోజుల్లో, ఫిల్మ్‌నగర్ షూటింగులకు సెట్టు సామాను మోసే పాత లారీ ఒకటి నా దగ్గరికే రిపేరుకు వచ్చేది. ఎనభైల చివరి మాట. బ్రేకు ఆలస్యంగా పడుతోందని దాని డ్రైవరు నాతో అన్నాడు. బండి వదిలి వెళ్లు, విప్పి చూస్తానన్నాను.

"షెడ్యూలు అయ్యేదాక ఓనరు ఆపనియ్యడన్నా," అన్నాడు.

ఆ వానాకాలమే జూబ్లీహిల్స్ దిగుడులో లారీ ఆగక బండలకు గుద్దుకుంది. డ్రైవరు ఆసుపత్రికి చేరకముందే పోయాడు. తాగి నడిపాడని ఓనరు అందరికీ చెప్పాడు. లారీని నా షెడ్డుకే లాక్కొచ్చారు.

కర్మలైనా కాకముందే డ్రైవరు భార్య రహమత్ నగర్ నుంచి నడిచి వచ్చింది.

"అన్నా, మా ఆయన తాగిండంటున్నరు. పొద్దుగాల చాయ్ తాగి పోయిండు, గంతే. బండిల ఏమైందో జర చూసి చెప్పు."

ఎడమ వెనక చక్రం ఊడదీశాను. దాని బ్రేకు డ్రమ్ము పట్టేసింది, చుట్టూ సుత్తితో తట్టి లాగాను. లోపలంతా తడి. సిలిండరు రబ్బరు చినిగి బ్రేకు ఆయిలు, డ్రమ్మును ఒరుసుకుని చక్రాన్ని ఆపే లైనరు మీదికి కారింది. లైనరు అరిగిపోయి, దాన్ని పట్టి ఉంచే రివెట్లు బయటికొచ్చి డ్రమ్ములో చాళ్లు కోశాయి. ఒక్కరోజులో అయ్యేది కాదది.

ఆమె ఆ చాళ్లను వేలితో తడిమింది. "కాలుతోని నొక్కినా ఆగదా?"

"ఆయిలు కారిపోయాక ఎంత నొక్కినా ఆగదమ్మా."

అంతలో ఓనరు వచ్చాడు. డ్రమ్ము చూపించి, తప్పు డ్రైవరుది కాదండీ అన్నాను.

"పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు. నాకు బండి కావాలి, పని చూడు," అని వెళ్లిపోయాడు.

ఆమె కొంగుతో వేలు తుడుచుకుంది. "మా అత్తకు నువ్వొచ్చి చెప్పన్నా. నేను చెప్తే నమ్మతలేదు."

సాయంత్రం వెళ్లి చెప్పాను. ముసలామె అంతా విన్నది. "బ్రేకు లేదని ఎరికైనంక ఎందుకు ఎక్కిండు బిడ్డా?" అని అడిగింది.

ఆ లారీని ముట్టుకోబుద్ధి కాలేదు. కానీ నేను కాదంటే ఇంకెవరో పైపైన బిగించి ఇచ్చేస్తారు. కొత్త లైనర్లు కొట్టించాను, డ్రమ్ములో చాళ్లు పోయేలా లేతు మిషను పట్టించాను, సిలిండరు మార్చాను. ఖాళీ లారీని అదే దిగుడుకు తీసుకెళ్లి బ్రేకు నొక్కాను. చెప్పినట్టు ఆగింది.

మర్నాడు కొత్త డ్రైవరు వచ్చి తాళాలు తీసుకున్నాడు. ఆ ఓనరు మళ్లీ నా షెడ్డుకు బండి పంపలేదు.