దలెందా ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజు

గఫ్సా పట్నం దాటాక బోడికొండల కింద ఉన్న గని ఊరు మాది. మా నాన్న ఖ్మైస్ ఫాస్ఫేటు కడిగే కర్మాగారం ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళు పనిచేసి, గుండెల నిండా దుమ్ముతో ఇంటికొచ్చి కూర్చున్నాడు. దలెందా మా పక్కింటి పిల్ల. కెమిస్ట్రీలో డిప్లొమా చేసి ఆరేళ్ళయినా ఉద్యోగం లేదు. ఆ ఏడాది ప్రయోగశాలలో నాలుగు ఉద్యోగాలు పడ్డాయని తెలియగానే పరుగున వచ్చింది.

"బాబాయ్, రెండుసార్లు ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదు. ఈసారి నన్ను నువ్వే తయారుచెయ్యాలి."

"ఏడుస్తావేమో."

"ఏడిస్తే ఏడుస్తాను. నువ్వు మాత్రం ఆపకు."

మా లోవాకిట్లో నాన్న మూడు కుర్చీలు వేయించాడు. మధ్యలో తను, ఒక పక్క నేను, రెండో పక్క ఖాళీ కుర్చీ. ఆ ఖాళీ కుర్చీలో ఉన్నవాడే అందరికంటే చెడ్డ అధికారి అనేవాడు. వాడి తరఫున కూడా ప్రశ్నలు తనే అడిగేవాడు.

"ఆరేళ్ళు ఏం చేశావమ్మా? గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నావా?"

మొదటిరోజు ఆమె తల దించుకుంది. రెండోరోజు నిజంగానే ఏడ్చింది. మూడో వారానికి నాన్న కళ్ళలోకి చూస్తూ జవాబు చెప్పింది. "రెండేళ్ళు మందుల షాపులో చేశాను. నాలుగేళ్ళు మంచాన పడ్డ అమ్మని చూసుకున్నాను. ఆ నాలుగేళ్ళలో ఒక్క పూట మందు తప్పలేదు, ఒక్క చుక్క ఎక్కువ కాలేదు. కొలతలో నేను పొరపాటు చెయ్యనని దానర్థం."

"ఆ 'దానర్థం' తీసెయ్. వాళ్ళ బుర్రకు ఆ మాత్రం తట్టనీ."

సర్టిఫికెట్ల నకళ్ళకు మునిసిపాలిటీలో ముద్రలు వేయించి మూడు కట్టలు కట్టించాడు. ఒకటి దరఖాస్తుతో పోయింది. ఒకటి అసలు కాగితాలతో కలిపి ఆమె దగ్గర ఉంది. మూడోది మా బీరువాలో పెట్టించాడు.

ఆమె అన్న నెజీబ్ ఇదే కంపెనీకి మూడుసార్లు పరీక్ష రాసి తప్పాడు. ఇప్పుడు ఖనిజం రైళ్ళు పోయే పట్టాల మీద గుడారం వేసుకున్న నిరుద్యోగులతో కూర్చున్నాడు. ఉద్యోగాలన్నీ ముందే అమ్ముడయ్యాయని వాళ్ళ నమ్మకం. ఇంటర్వ్యూకి ఎవరూ వెళ్ళకూడదని తీర్మానించుకున్నారు.

రెండురోజుల ముందు, మధ్యాహ్నం భోజనాలప్పుడు, గోడ అవతల గిన్నెలు పడ్డ చప్పుడైంది. నేను వెళ్ళేసరికి దలెందా కాగితాలు బొగ్గుల కుంపటిలో మండుతున్నాయి. ఆమె నిప్పుల్లో చెయ్యి పెట్టింది. నెజీబ్ ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి విరిచాడు. వేలు విరిగిన చప్పుడు నాకు గుమ్మం దాకా వినిపించింది. మంచం మీద వాళ్ళమ్మ కేకలు పెడుతోంది. దలెందా ఎడమ చేత్తో రొట్టెలు కాల్చే మట్టిపెనం ఎత్తి అతని నుదుటి మీద పగలగొట్టింది.

నెత్తురు కనుబొమ మీదికి కారుతుండగా అతనన్నాడు. "కంపెనీ గేటు దగ్గర కనిపించావంటే చెల్లెలివని చూడను."

"చూడకు. నేనూ అన్నవని చూడను."

నాన్న ఆమె వేలికి పుల్ల కట్టి కట్టు వేశాడు. ఆ వెంటనే కుర్చీలో కూర్చోబెట్టాడు. "చెయ్యి దాచకు. దాస్తే వాళ్ళ చూపంతా దానిమీదే ఉంటుంది. అడిగితే విరిగిందని చెప్పు. ఎలా విరిగిందో చెప్పకు."

ఇంటర్వ్యూ తొమ్మిదింటికి. నాన్న చెప్పాడని ఆరున్నరకే ఎనిమిది మంది ఎక్కే లువాజ్ బండిలో బయల్దేరాం. తోడుగా నేనూ వెళ్ళాను. దారి పొడుగునా అడ్డంకులే. గేటు ఇంకా అర కిలోమీటరు ఉందనగా టైర్లు మండుతున్నాయి. మొదటి రాయికే ముందు అద్దం మా ఒళ్ళో పడింది. రెండో రాయి డ్రైవరు పక్కనున్న కుర్రాడి కంటికి తగిలింది. వాడూ ఇంటర్వ్యూకే వస్తున్నాడు. కొత్త కోటు, ఒళ్ళో ఫైలు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు ఆ ఫైలు మీద పడుతుంటే ఇంకో చేత్తో దాన్ని తుడుచుకుంటున్నాడు.

దిగి పరుగెత్తాం. ఒకణ్ణి టై పట్టుకుని ఈడ్చి తంతున్నారు. ఎవడో నా జడ పట్టుకుని లాగాడు. దలెందా వాడి మణికట్టు కొరికింది. వాడు వదిలేదాకా కొరికింది. గేటు వైపు నుంచి పోలీసులు పొగగుండ్లు పేల్చారు. కళ్ళు మంట. ఆ పొగలోంచి నెజీబ్ వచ్చాడు, చేతిలో ఇనుప గొలుసు.

"వెళ్ళొద్దన్నానా లేదా?"

గొలుసు ఆమె భుజం మీద పడింది. ఆమె తూలింది గాని పడలేదు. అతను మళ్ళీ ఎత్తాడు. ఆ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా పొగగుండు ఒకటి వచ్చి అతని చెవి వెనక తగిలింది. మొదలు నరికిన చెట్టులా పడిపోయాడు.

దలెందా మోకాళ్ళ మీద కూలబడి, తన తలగుడ్డ లాగి గాయం మీద అదిమింది. గడియారం చూసుకుంది. తొమ్మిదికి పది నిమిషాలు.

"ఇలా గట్టిగా నొక్కిపట్టు. తడిసిపోయినా తియ్యకు" అని నా చెయ్యి లాగి అక్కడ పెట్టింది.

"నువ్వెక్కడికే?"

"లోపలికి."

"వాడు చస్తున్నాడే! నువ్వసలు మనిషివేనా?" అని అరిచాను. ఆమె వెనక్కి చూడలేదు. ఆ క్షణంలో నెజీబ్ కంటే ఆమె మీదే నాకు ఎక్కువ అసహ్యం కలిగింది.

లోపల జరిగింది తర్వాత ఆమె చెప్పింది. ముగ్గురు అధికారులు, మధ్యలో ఒకావిడ. దలెందా తల మీద గుడ్డ లేదు, చొక్కా నిండా నెత్తురు, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. మా బీరువాలోంచి తెచ్చిన కట్ట బల్ల మీద పెట్టింది. ఆరేళ్ళ సంగతి అడిగారు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చెప్పింది. అప్పుడు ఆవిడ, "పక్కనున్న మనిషి మీద యాసిడ్ పడింది. కొలిమిలో నమూనా ఉంది. ఏం చేస్తావు?" అంది.

అది నాన్న ఎప్పుడూ అడగని ప్రశ్న.

"నమూనా పోతే పోనిస్తాను. నీళ్ళు, ధారగా, ఆపకుండా. ఇంకొకరి చేతికి అప్పగించేదాకా కదలను." అక్కడిదాకా చెప్పి ఆగలేకపోయింది. "బయట మా అన్న తల పగిలి పడున్నాడు మేడమ్. ఇంకొకరికి అప్పగించే వచ్చాను. అడగాల్సింది ఉంటే త్వరగా అడగండి."

ఆవిడ కలం మూసి, "వెళ్ళు" అంది. ఉద్యోగం పోయిందనే అనుకుంది దలెందా. నేనూ అక్కడున్నవాళ్ళూ కలిసి నెజీబ్‌ని ఆసుపత్రికని ఎక్కించిన గొర్రెల బండి వెనక పరుగెత్తి ఎక్కింది.

పదకొండు రోజులకు నెజీబ్ కళ్ళు తెరిచాడు. కుడి చెవికి వినికిడి పోయింది. కొత్త కోటు కుర్రాడి కన్నూ పోయింది.

ఇదంతా విని మా నాన్న లోవాకిట్లోని ఆ ఖాళీ కుర్చీని గోడ పక్కకి జరిపాడు. "ఆ ప్రశ్న నాకు తట్టి ఉండాల్సింది" అన్నాడు.

నలభై రోజులకు జాబితా వచ్చింది. ఆమె పేరు మూడోది. గంట తిరక్కుండా గుడారం మనుషులు వచ్చి వాళ్ళ తలుపుకు తారు పూసి, కిటికీలు పగలగొట్టారు. ఒక రాయి వాళ్ళమ్మ మంచం దాకా వచ్చింది. గోడ పట్టుకుని నడిచే నెజీబ్ బయటికి వచ్చి, ముందున్నవాడి గల్లా పట్టి వాడి ముఖం గోడకేసి కొట్టాడు.

"దాన్ని కొడితే నేను కొట్టాలి. మధ్యలో మీరెవర్రా?"

ఆ మాట విని ఆమె సంతోషించిందనుకున్నారు వీధిలో. లేదు. నాకు తెలుసు.

రెండేళ్ళు అన్నాచెల్లెళ్ళ మధ్య మాట లేదు. ఆమె జీతంతో ఇల్లు గడిచేది. ఆమె వండింది అతను గోడ వైపు తిరిగి తినేవాడు. మూడో ఏడు ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను.

"ఉప్పెక్కువైంది" అన్నాడు నెజీబ్.

దలెందా అతని మంచి చెవి వైపుకి జరిగి, "అయితే నీళ్ళు తాగు" అంది.