అంచు కోసిన పటం

నా చిన్నప్పుడు మా బాపు బర్ దుబాయ్‌లో, బట్టల దుకాణాల సందులో పటాలు కట్టే పని చేసేవాడు. బడి సెలవుల్లో మధ్యాహ్నం అన్నం డబ్బా నేనే పట్టుకెళ్లేదాన్ని. ఎవరితోనైనా మాట్లాడాలంటేనే భయపడే నాకు అక్కడి బొమ్మలే తోడు.

ఒకసారి ఒక ఇంగ్లిష్ దొరసాని ఆరు పాత చిత్రాలు పటం కట్టమని ఇచ్చింది. రెండు వందల ఏళ్ల నాడు రాగిరేకు మీద గీతలు చెక్కి అచ్చుతీసినవని బాపు చెప్పాడు. అన్నీ వాళ్ల పల్లెటూళ్లే. చర్చీలు, జమీందార్ల తోటలు, గడ్డిలో ఒరిగిన గోరీలు. గోరీల మధ్య గొర్రెలు మేసే చిత్రమంటే నాకు ప్రాణం.

ఆ రోజు బాపు చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాడు. బల్ల మీద ఆ గోరీల చిత్రం, దాని మీద కొలత చూడటానికి పెట్టిన ఫ్రేము ఉన్నాయి. కింద రెండు వేళ్ల వెడల్పున కాగితం బయటికి వచ్చి, గోధుమరంగు మరకలతో మాసి ఉంది. బాపు రోజూ అట్టల అంచులు కోయడం చూసేదాన్ని. సాయం చేద్దామని ఇనుప స్కేలు ఆనించి బ్లేడుతో కోసేశాను.

కోసిన ముక్క చేతిలోకి తీసుకున్నాకే చూశాను. దాని మీద సన్నటి అక్షరాలున్నాయి. ఆ చర్చి ఏ ఊరిదో, బొమ్మ ఎవరు గీశారో, రేకు ఎవరు చెక్కారో అంతా అందులోనే ఉంది.

బాపు వచ్చి చూశాడు. "ఏం జేసినవ్ బిడ్డా! సచ్చినోళ్లకు ఊరు పేరు గూడ ఉంచకపోతివి" అన్నాడు. నవ్వబోయాడు గానీ, వెంటనే ముక్కను చిత్రం పక్కన పెట్టి అంచులు కలుస్తాయేమో చూశాడు. దుకాణం మీద పెత్తనం చేసే ముదీర్‌కు తెలిస్తే అంతే, ఖలాస్, వీసా తీసేసి మమ్మల్ని ఊరికి పంపేస్తాడని నాకూ తెలుసు.

బాపు మైదా బంక పలచగా కలిపి, వెనక సన్నని కాగితం వేసి ముక్కను అతికాడు. చిత్రం చుట్టూ వేసే అట్టకు నడుమ కిటికీలా కోస్తారు. అది కాస్త చిన్నగా కోస్తే అతుకు మరుగున పడుతుంది. "అట్ట కింద దాస్తె కనవడదు గద బాపూ" అన్నాను ఏడుస్తూ. బాపు అట్ట మీద చిన్న కొలతకే గీత గీసి, మళ్లీ చెరిపేశాడు.

"ఎన్నడో ఒకనాడు ఇప్పి జూస్తరు బిడ్డా. అప్పుడు తిట్లు వడెటందుకు నేను ముంగట ఉండ గద" అని, అతుకు కనబడేలా పెద్దగానే కోశాడు.

సాయంత్రం దొరసాని వచ్చింది. నేను ఫ్రేము కర్రల వెనక నక్కాను. ఆమె అడగకముందే బాపు అతుకు మీద వేలు పెట్టి, "గల్తీ హోగయా మేమ్‌సాబ్, మేరే హాథ్ సే" అని తప్పు తన చేతి మీదే వేసుకున్నాడు. నా మాటే ఎత్తలేదు. ఆమె కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. ఆ కాసేపట్లో నేను మా ఇంటి సామానంతా మనసులోనే పెట్టెల్లో సర్దేశాను.

ఆమె తిట్టలేదు. ఆ పటంతో పాటు, ఇంకా కట్టని ఐదు చిత్రాలూ తీసుకుని వెళ్లిపోయింది. ముదీర్‌కు కూడా బాపే చెప్పాడు. అరుపులు సందు చివరిదాకా వినిపించాయి. వీసా నిలిచింది గానీ, కత్తి పని తీసేసి రెండు నెలలు బాపుతో అద్దాలు తుడిపించారు.

నా భయం ఆ రోజుతో పోలేదు. ఇప్పటికీ తప్పు చేస్తే ముందు దాచే చోటే వెతుకుతాను. కానీ నా డైరీలో ఇంతవరకు ఒక్క పేజీ చించలేదు. రాసి సిగ్గుపడిన మాట మీద సన్నని గీత ఒకటి గీస్తాను, కింద ఏముందో చదవడానికి వీలుగా.